గృహ చిత్రభాండారము

నిల్వచేయుటను గూర్చి ఇల్లాలికి ఎవ్వరును పాఠము చెప్పనక్కఱలేదు. ఏ జాడీలో ఏ సంవత్సరపు ఆవకాయ యున్నదో, ఏ డబ్బాలోని కందిపప్పు ముందుగా వాడవలెనో, పెండ్లినాటి పట్టుచీరెను ఎన్ని మాసముల కొకమాఱు మడత మార్చి నీడపట్టున గాలి తగులనీయవలెనో మనకు తెలియును. కాని యీ కాలమున ప్రతి యింటను ఒక క్రొత్తజాతి సామగ్రి పోగుపడుచున్నది. అవి చిత్రములు, కదలెడి చిత్రములు, మాటలాడెడి చిత్రములు. పిల్లవాని మొదటి యడుగు, అమ్మాయి నాట్యము, తాతగారి షష్టిపూర్తి, అన్నియు సెల్‌ఫోనులలోను, పాత క్యాసెట్టులలోను, పెన్‌డ్రైవులలోను చెల్లాచెదరై యున్నవి. కొట్టుగదికి ఉన్న క్రమము వీనికి లేదు. ఈ కొఱత తీర్చుటకై మాయింట నాలుగు మాసములుగా ఒక సాధనమును పరీక్షించి చూచుచున్నాము. దాని గుణదోషములను, దానివలన మాకు తెలిసివచ్చిన ఒక ముఖ్యవిషయమును మీకు విన్నవించుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము నివసించునది హైదరాబాదు నగరమునకు పడమటిదిక్కున, కొండాపూరులో. 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్స్ అను వలయాకారపు మేడ తెఱవబడిన నాటినుండి, రాళ్ళగుట్టలతో నిండిన ఈ ప్రదేశము హైటెక్ సిటీ యనియు సైబరాబాదనియు పేరుగాంచెను. 2019వ సంవత్సరమున అమెజాన్ సంస్థవారు లోకమునందలి తమ కార్యాలయ భవనము లన్నిటిలోను పెద్దదానిని ఈ చుట్టుపట్లనే తెఱచిరి. మా భవనములోని కాపురములలో సగమునకు పైగా కంప్యూటరు వృత్తివారివే. మా వారు మాత్రము బడిపంతులు. మేమన్ననో తండ్రిగారి యొద్ద భారత భాగవతములను, కొన్ని ప్రబంధములను చదివికొన్న వారమే కాని యంత్రవిద్య నెఱిగిన వారము కాము. ఈ మాట ముందుగా చెప్పుట యెందుకనగా, మాబోటివారికి సాధ్యమైన పని మీకెల్లరకును సాధ్యమేయని తెలియుటకు.

ఈ సాధనమునకు మూడంగములు గలవు. మొదటిది కొట్టు, అనగా చిత్రములు దాగియుండు హార్డుడిస్కు. రెండవది కొట్టు తాళపుచెవి చేతబట్టిన వడ్డనకత్తె. ఎవరేది కోరిన అది తీసి యిచ్చెడి చిన్న కంప్యూటరు. ఇంగ్లీషువారు దీనిని సర్వరు అందురు. వడ్డించునది యనియే దాని యర్థము. మూడవది విస్తరి, అనగా మనము చూచెడి టీవీ తెఱ. ఈ మూటిని కలుపునది మనయింటి వైఫైయో, వైరో. ఇందులో గమనింపవలసిన సంగతి యేమనగా, ఈ రాకపోకలన్నియు ఇంటి గోడలలోపలనే జరుగును. బయటి ఇంటర్నెట్టు ఆగిపోయినను మన చిత్రములు మనకు ఆగవు.

బయటినుండి వచ్చెడి చిత్రములకు నేడు కొదవలేదు. తెలుగువారికై ప్రత్యేకముగా 2020వ సంవత్సరమున ‘ఆహా’ వెలసినది. ఆంధ్రప్రదేశములో 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఫైబరునెట్టు, నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్టు, టెలిఫోను మూడింటిని ఒక్క తీగపై ఇండ్లకు తెచ్చుటకు పూనుకొనెను. ఇవి యన్నియు మేలైనవే. అయినను అది అద్దెసొమ్ము. చందా యున్నంతవఱకే చూపు. హక్కుల గడువు తీరిన చిత్రమును వారు తొలగింతురు. మన పిల్లల చిత్రములకు మనమెవరికిని అద్దె చెల్లింపరాదు గదా! కావున అద్దె కొంపతోపాటు సొంత కొట్టుగది యొకటి యుండుట యుక్తము.

ఇట్టి కొట్టుగదిని నడపు సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉచితముగా దొరకును. వానిలో ‘కోడి’ యొకటి. పేరు విని నవ్వవలదు, అది మన పెరటికోడి కాదు. అది వేఱు పేరుతో పుట్టి 2014వ సంవత్సరమున ఈ పేరు తాల్చినది. 2018వ సంవత్సరాంతమున ఆరంభమైన ‘జెల్లీఫిన్’ మఱియొకటి. ఇట్టివానిలో ఒకదానిని మా ప్రక్కవాటాలోని చెల్లెలు మాకు అమర్చి పెట్టెను. ఆమెది రాజమహేంద్రవరము, ఇచట కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నది. తాను వాడక మూలబెట్టిన పాత లాప్‌టాపును కూడ ఆమెయే యిచ్చెను. మేము కొన్నది 2 టెరాబైట్ల హార్డుడిస్కు మాత్రమే. సెల్‌ఫోనులో తీసిన చిత్రము, దాని నాణ్యతనుబట్టి, నిమిషమునకు సుమారు 60 మొదలు 130 మెగాబైట్లు తినును. పెద్ద లెక్కనే తీసికొన్నను ఈ డిస్కులో 250 గంటల చిత్రము పట్టును. ఒక సామాన్య కుటుంబపు ముప్పది యేండ్ల జ్ఞాపకములకు అది చాలును.

మొదటి పరీక్ష వైఫైతో జరిగెను. లాప్‌టాపు పడకగదిలోను, టీవీ ముందుగదిలోను ఉండెను. రాత్రి ఎనిమిది గంటలకు బొమ్మ నిలిచి నిలిచి సాగెను. తెల్లవాఱుజామున అదే చిత్రము అడ్డులేక నడిచెను. దీనికి కారణము చెల్లెలు వివరించెను. మా భవనములో నలుబది కాపురములు. ప్రతి యింటను ఒక రౌటరు. 2.4 గిగాహెర్ట్జ్ అనబడు మార్గమున అన్ని యిండ్ల మాటలును ఒక్క యిరుకు సందులోనే నడచును. సాయంకాలము ఆఱు గంటలకు సైబర్ టవర్స్ కూడలిలో బండ్లు నిలిచినట్లు రాత్రివేళ అవి నిలిచిపోవును. 5 గిగాహెర్ట్జ్ మార్గము విశాలమైనది కాని గోడలను దాటుటలో బలహీనమైనది. మా పడకగదికిని ముందుగదికిని నడుమ రెండు గోడలు. కడకు గోడవెంబడి పండ్రెండు మీటర్ల వైరు లాగించితిమి. అది మొదలు బొమ్మ యెన్నడును నిలువలేదు. కావున వైరు వేయుటకు వీలున్నవారు వైరే వేసికొనవలెనని మా సలహా.

రెండవ చిక్కు విచిత్రమైనది. మా అబ్బాయి ఫోనులో తీసిన చిత్రములు కొన్ని టీవీలో శబ్దము మాత్రమే వినిపించి బొమ్మ చూపకుండెను. దీనిని మన చదువులతో పోల్చి చెప్పిన తేటపడును. ఒక్క శ్లోకమునే తెలుగులిపిలో వ్రాయవచ్చును, గ్రంథలిపిలో వ్రాయవచ్చును. శ్లోకము నోటికి వచ్చినవాడైనను ఆ లిపి రానిచో తాటాకు చదువలేడు. చిత్రములను కుదించి వ్రాయుటకును ఇట్లే లిపులు గలవు, వానిని కోడెక్కులందురు. 2003వ సంవత్సరమున స్థిరపడిన హెచ్ 264 అను లిపి దాదాపు అన్ని టీవీలకు వచ్చును. 2013వ సంవత్సరమున వచ్చిన హెచ్ 265, దానినే హెచ్ఈవీసీ యందురు, అంతే నాణ్యతను మఱింత తక్కువ చోటులో ఇముడ్చును. కాని పాత టీవీలు దానిని చదువజాలవు. అప్పుడు లాప్‌టాపు లేఖకునివలె అప్పటికప్పుడు పాత లిపిలోనికి తిరుగవ్రాసి టీవీకి అందింపవలెను. మా పాత లాప్‌టాపు ఆ శ్రమకు వేడెక్కి రొప్పుచుండెను. అందుచేత అట్టి చిత్రములకు పాత లిపిలో ఒక ప్రతిని రాత్రివేళ తీరికగా వ్రాయించి, మూలప్రతిని కూడ భద్రపఱచితిమి. ఇక విద్యుత్తు ఖర్చు సంగతి. మాది సుమారు ఇరువది వాట్లు వాడుచున్నది; దినమునకు నాలుగు గంటలు నడిపిన నెలకు 2.4 యూనిట్లు. ఇది వెఱవదగిన ఖర్చు కాదు.

ఇక అసలు విషయమునకు వచ్చెదము. ఈ యంత్రము తన కొట్టులోని సినిమాలను తానే గుర్తించును. ఫైలు పేరు చూచి, ఇంటర్నెట్టులోని జాబితాలలో వెదకి, ప్రచారచిత్రమును, దర్శకుని పేరును, నటీనటుల పేర్లను తెచ్చి అంటించును. పరీక్షార్థము మేము ‘మాయాబజారు 1957’ అను ఫైలు నుంచగా, క్షణములో కె. వి. రెడ్డిగారి పేరును, సావిత్రి, రంగారావు, రామారావు గారల పేర్లను చూపెను. మా పిల్లలు చప్పట్లు కొట్టిరి. తరువాత ‘పెళ్ళి’ యని పేరున్న మా ఆడుబిడ్డ వివాహపు చిత్రమును ఉంచితిమి. యంత్రము ఏమాత్రమును జంకక, 1997వ సంవత్సరమున వచ్చిన ‘పెళ్ళి’ యను సినిమా బొమ్మను దానికి తగిలించి, దర్శకత్వము కోడి రామకృష్ణ అని వ్రాసి పెట్టెను! మా అత్తగారు కండ్లజోడు సవరించుకొని, “ఇదేమిటే, మన పెళ్ళికొడుకు వీడు కాడే!” అనిరి. ఇంటిల్లిపాదియు నవ్విరి.

నవ్విన పిమ్మట మేమాలోచింపగా, ఇందులో తలపోయదగిన సంగతి యున్నదని తోచెను. లోకమునందలి నటులనందఱను ఎఱిగిన యంత్రము మాయింటి పెద్దల నొక్కరి నెఱుగదు. ఆ మాయాబజారు చిత్రములోనే ప్రియదర్శిని యను పెట్టె యొకటి గలదు. దానిని తెఱచి చూచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడును. మనసులోని ప్రియుని అడుగకయే తెలిసికొనెడి పెట్టె యది. మనయింట నున్నది అట్టిది కాదు. ఇది భాగవతములోని చిత్రలేఖ వంటిది. చిత్రలేఖ రాజకుమారుల నందఱను పటములయందు వ్రాసి వరుసగా చూపెను. కాని తన కలలో వచ్చినవాడు వీడేయని గుర్తించినది ఉషాకన్య. చూపుట చిత్రలేఖ వంతు, గుర్తించుట ఉష వంతు. ఆ గుర్తించువారు లేనినాడు ఎన్ని పటములున్నను ఏమి ఫలము?

సాఫ్ట్‌వేరులో సినిమాలకు వేఱుగా గృహచిత్రములకని ఒక అఱ గలదు. చెల్లెలు ఆ చిత్రములనన్నిటిని ఆ యఱలోనికి మార్చెను. “అక్కగారూ, ఇక్కడ మెషీను పేర్లు పెట్టదు. మీరే పెట్టాలి” అనెను. పేరు పెట్టు పని అట్లు మా చేతికి వచ్చినది.

ఆ వివాహము 1993వ సంవత్సరమున, శ్రీముఖనామ సంవత్సర వైశాఖమున, తెనాలిలో జరిగెను. దానిని మూడు వీడియో క్యాసెట్టులలో తీయించిరి. మా వీసీఆర్ చెడిపోయి ఏండ్లు గడచినవి. లోకములో వీసీఆర్లు చేయుచున్న కడపటి సంస్థగా పేరొందిన జపానుదేశపు ఫునాయివారు కూడ 2016వ సంవత్సరమున ఆ పని మానుకొనిరి. అనగా క్యాసెట్టు బాగుగా నున్నను దానిని చదువు యంత్రము దొరకుట నానాటికి కష్టమగును. నగరములో ఒక దుకాణమువారు వానిని డిజిటలు ఫైళ్ళుగా మార్చి యిచ్చిరి. మూటిలో రెండవ క్యాసెట్టునకు బూజు పట్టియుండెను. తలంబ్రాల ఘట్టములో ఇరువది నిమిషముల మేర బొమ్మ పోయినది. దానికి ఇక మందు లేదు.

మా మామగారు స్వర్గస్థులై పదునాలుగేండ్లయినది. మా పిల్లలు వారిని ఎఱుగరు. గోడమీది పటమును మాత్రమెఱుగుదురు. వారి కంఠస్వరము మఱి యెక్కడను నిలిచియుండలేదు. ఈ చిత్రములో వారు కన్యాదానము చేయునపుడు సన్నాయి మ్రోతలో మాటలు వినరావు. స్పష్టముగా వినబడునది ఒక్కచోటనే, భోజనముల వేళ, పంక్తుల నడుమ నిలువబడి, వడ్డించువానిని పిలిచి, “ఒరేయ్, చివరి పంక్తికి నెయ్యి వచ్చిందా?” అని అడిగిరి. అంతే. వేదాశీర్వచనము కాదు, పద్యము కాదు. మా అత్తగారు ఆ మాట విని కొంతసేపు ఊరకుండి, “ఆయన ఎప్పుడూ చివరి పంక్తినే అడిగేవారు” అనిరి. మా అమ్మాయి రిమోటు నొక్కి ఆ మాటను మూడుమాఱులు వినిపించెను. తాతగారెట్టివారని పిల్లలకు మేము ఇన్నాళ్ళు చెప్పినదానికంటె ఆ యొక్క మాట ఎక్కువ చెప్పినది.

తరువాత అత్తగారు, “ఆపవే, ఆ వెనక నుంచున్నదెవరో చూడనీ” అనిరి. అక్కడ మొదలైనది అసలు పని. బొమ్మ నాపుట, ఆమె పేరు చెప్పుట, మేము పుస్తకములో వ్రాయుట. ఎవరి కూతురు, ఏ యూరు, ఎవరిని పెండ్లాడెను, ఇప్పుడెక్కడ నున్నది. సెల్‌ఫోను చిన్నతెఱపై ఆమెకు ముఖములు ఆనవు. టీవీ తెఱపై ఆనినవి. ఈ సాధనమువలన మాయింట కలిగిన మొదటి ప్రయోజన మిదియే. నాలుగు ఆదివారములు ఇట్లు గడచినవి. అఱువదియొక్క మందిని ఆమె గుర్తించిరి. తొమ్మండుగురు ఆమెకును తెలియరైరి. వారిలో ఇద్దఱిని గుంటూరునందున్న పినత్తగారు చిత్రము చూచి ఫోనులో చెప్పిరి. తక్కిన యేడుగురు పేర్లులేక నిలిచిపోయిరి. పదేండ్ల క్రిందట ఈ పని చేసియున్న ఆ యేడుగురిని కూడ చెప్పగలవారు మా బంధువులలో నుండిరి, నేడు లేరు.

ఒక్క ముఖమును గూర్చి మాత్రము కొంచెము విస్తరించి చెప్పెదము. మొదటి క్యాసెట్టులో వంటశాల ద్వారముకడ, తెల్లని చీరె కట్టిన ఒక ముదుసలి నాలుగైదు క్షణములపాటు కనబడును. చిత్రము తీయువాడు ఆమెను చూచి, ఎవరో వంటమనిషి కాబోలునని తలచెనేమో, వెంటనే ప్రక్కకు త్రిప్పుకొనెను. మేము కూడ ఆమె నెఱుగము. మా అత్తగారు చెప్పగా తెలిసినది. ఆమె వారి మేనత్త. చిన్ననాటనే వైధవ్యము ప్రాప్తించి, పుట్టినింటనే ఉండిపోయి, ఆ వంశములో రెండు తరముల పెండ్లిండ్లకు తన చేతులతో పిండివంటలు చేసినది. ఆ కాలపు ఆచారమునుబట్టి పెండ్లిపందిటి క్రిందికి రాదు, ఫోటోలకు నిలువదు. మా అత్తగారికి అక్షరములు దిద్దించినది కూడ ఆమెయేనట. మా యెఱుకలో ఆమె రూపము నిలిచియున్నది ఆ నాలుగైదు క్షణములలోనే. ఆమె పేరు నిలిచియున్నది మా అత్తగారి జ్ఞాపకములోనే. ఈ రెంటిని కలుపకున్నచో, మఱియొక తరమునకు ఆమె ఎవరో ఒక వంటమనిషి. ఇప్పుడు ఆమె పేరును, ఊరును, చేసిన పనియు మా పుస్తకములో ఎక్కినవి. ఆ చిత్రము ప్రక్క యంత్రములోను ఎక్కించితిమి. మా అమ్మాయి ఆమెను ‘అరిసెల తాతమ్మ’ యని పిలుచుచున్నది.

సోదరీమణులారా! మన కుటుంబచరిత్రలలో ఇట్టి స్త్రీలెందఱు లేరు? పందిటిలో పీటలపై కూర్చున్నవారి పేర్లు శుభలేఖలలో అచ్చగును. వంటశాల ద్వారముకడ నిలిచినవారి పేర్లు ఏ లేఖలోను అచ్చుకావు. వానిని ఎఱిగినవారు మన అత్తగార్లు, అమ్మమ్మలు. అడిగి వ్రాయవలసినవారము మనము. ఇది యంత్రజ్ఞులవలన అగు పని కాదు.

నిల్వను గూర్చి కూడ రెండు మాటలు. ఏ వస్తువును దానంతట అది నిలువదు. తాటాకులు చిమటలకు, చెదలకు ఆహారమగునని యెఱిగియే మన పూర్వులు తరమున కొకమాఱు క్రొత్త ఆకులపై ప్రతులు వ్రాయించిరి. భారతము మన చేతికి వచ్చినది అట్టి లేఖకుల చేతులమీదుగానే. అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయములోని యఱలో శతాబ్దములు దాగియుండుటచే దక్కినవి. సినిమాలకు ఆ భాగ్యము లేకపోయెను. చలనచిత్రములను భద్రపఱచుటకు 1964వ సంవత్సరమున పూనాలో జాతీయ సంస్థ యొకటి స్థాపింపబడినది. కాని 2003వ సంవత్సరమున అచట జరిగిన అగ్నిప్రమాదములో పాతకాలపు రీళ్ళనేకము బూడిదయైనవి. మాయాబజారు చక్కని ప్రతి నిలిచియుండుటచేతనే 2010వ సంవత్సరమున ఈ హైదరాబాదులోనే గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు దానికి రంగులు దిద్ది మరల విడుదల చేయగలిగిరి.

దీనినుండి మనకు వచ్చు నీతి యిది. హార్డుడిస్కు కూడ తాటాకు వంటిదే. ఎప్పుడో ఒకనాడు చెడును. కావున ఒక్క ప్రతితో తృప్తి చెందరాదు. మేము రెండవ డిస్కుపై మఱియొక ప్రతి వ్రాయించి, టెక్సాసునుండి వచ్చిన మా ఆడుబిడ్డచేత ఆమె యింటికి పంపితిమి. ఇచట దొంగతనమో అగ్నియో సంభవించినను అచట నొకటి యుండును. ఐదాఱేండ్ల కొకమాఱు అన్నిటిని క్రొత్త డిస్కులోనికి ఎత్తవలెనని పుస్తకపు మొదటి పుటలో వ్రాసికొన్నాము. జాడీ మార్చిన తేదీ వ్రాసినట్లే ఇదియును.

కొన్ని జాగ్రత్తలు మఱువరాదు. ఈ కొట్టును ఇంటి వెలుపలినుండి చూచుటకు వీలుగా తెఱచి పెట్టవచ్చునని కొందఱు చెప్పుదురు. బాగుగా తెలిసినవారి సాయము లేక ఆ పని చేయరాదు. తెఱచిన వాకిట మనవారే కాక పరులును ప్రవేశింతురు. పిల్లలకు స్నానము చేయించు చిత్రములు, స్త్రీలు తలదువ్వుకొనుచు, విడిదింట విశ్రమించుచుండగా తీసిన చిత్రములు పెండ్లి క్యాసెట్టులలో ఎన్నియో యుండును. అవి బంధువులందఱకు పంచిపెట్టదగినవి కావు. ఎవరి రూపమున్నదో వారి యిష్టము ముందుగా అడుగవలెను. మా చిత్రములలో ఒకామె, “నన్ను చూపవద్దు, అప్పటి రోజులు తలచుకోవటం నాకిష్టం లేదు” అని చెప్పగా ఆ భాగమును పంచెడి ప్రతినుండి తీసివేసితిమి. ఇక సినిమాల సంగతి: డిస్కు ఖాళీగా నున్నది గదా యని ఎవరెవరో దొంగిలించి పంచెడి క్రొత్త సినిమాలతో దానిని నింపుట గృహిణికి తగదు. మనదేశపు 1957వ సంవత్సరపు శాసనమునుబట్టి సినిమాపై హక్కు, అది వెలువడిన మఱుసటి యేడు మొదలు 60 సంవత్సరములు నిలుచును. పరుల కొట్టు కొల్లగొట్టి మన కొట్టు నింపుకొనుట పిల్లలకు నేర్పదగిన విద్య కాదు.

పేర్లు పెట్టు విధమును కూడ తెలిపి ముగించెదము. ఫైలు పేరునకు మొదట సంవత్సరము, పిమ్మట మాసము, తేదీ అంకెలలో వ్రాయుడు; అప్పుడు యంత్రము తానే కాలక్రమమున పేర్చును. తరువాత సందర్భము, ఊరు తెలుగులోనే వ్రాయవచ్చును. పెద్దలు ప్రభవ విభవాదులతో కాలమును గుర్తుంచుకొందురు గనుక సంవత్సరనామమును కూడ చేర్చిన వారికి వెదకుట సుకరము. ఎవరెవరు కనబడుదురో ఒక కాగితపు పుస్తకములో నిమిషము లెక్కతో సహా వ్రాయుడు. యంత్రము మాఱినను, సాఫ్ట్‌వేరు మాఱినను పుస్తకము నిలుచును.

లాప్‌టాపు నేడు కాకున్న వచ్చే యేడు కొనవచ్చును. డిస్కు ధర తగ్గువఱకు వేచియుండవచ్చును. వైరు సంక్రాంతి పండుగకు వేయించుకొనవచ్చును. మా అత్తగారికి ఎనుబదియొక్క యేండ్లు. మీ యిండ్లలోని పెద్దలకును అటునిటుగా అంతే వయస్సు. కావున మొదట కొనవలసినది పుస్తకము, కలము. క్యాసెట్టులు ఇంకను ఫైళ్ళుగా మాఱనిచో, పెట్టెలోని పాత ఫోటోలతోనైనను ఈ ఆదివారమే ఆరంభింపుడు. భోజనములైన పిమ్మట వారి ప్రక్కన కూర్చుండి, “ఈవిడ ఎవరండీ?” అని అడుగుడు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు.